నాన్న పెట్టిన రాయి

మా ఇంటి ముందు ఇరవై అడుగుల చదును ఉంది. రహమత్ నగర్‌లో అది చిన్న ఆస్తి కాదు. ఇక్కడి గల్లీలు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, బండరాళ్ల గుట్ట మీద ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు ఇళ్లుంటాయి. మా చదును దాటగానే గల్లీ కిందికి జారుతుంది. కింద కిరాణా కొట్టు, నల్లా దగ్గర డ్రమ్ములు, సాయంత్రమైతే పిల్లల క్రికెట్. ఆ ఇరవై అడుగులే ఐదేళ్లుగా నా గ్యారేజీ.

ఆ గ్యారేజీలో ఉన్న బండి 2002 నాటి హోండా సిటీ వీటెక్. తెల్లది, ఇప్పటికీ ఏపీ 09 నంబరు ప్లేటే. దాన్ని స్పోర్ట్స్ కారు అంటే ఆఫీసులో నవ్వుతారు. నవ్వనివ్వండి. నాలుగు తలుపులు, వెనక డిక్కీ, చూడ్డానికి బ్యాంకు మేనేజరు కారులా ఉంటుంది. కానీ మారుతి 800 ముప్ఫై ఏడు హార్స్‌పవర్‌తో దేశమంతా తిరుగుతున్న రోజుల్లో ఈ ఒకటిన్నర లీటర్ల ఇంజన్ 106 హార్స్‌పవర్ ఇచ్చింది. 2003 చివర్లో దీని స్థానంలో వచ్చిన కొత్త సిటీకి 77 మాత్రమే. అందుకే కార్ల పిచ్చి ఉన్నవాళ్లు పాత వీటెక్ అనగానే ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. రెండు సీట్ల అసలు స్పోర్ట్స్ కార్లు మన దేశంలో తయారు కాలేదని కాదు. గోవాలో శాన్ స్టార్మ్ వచ్చింది, ఆ తర్వాత దిలీప్ ఛాబ్రియా అవంతి వచ్చింది. అవి ఎంతమందికి అందాయి? మధ్యతరగతి మనిషికి చేతికందిన స్పోర్ట్స్ కారు ఇదిగో, ఇలా చొక్కా టక్ చేసుకుని వచ్చింది.

మా ఇంటికి అది రావడానికి వేరే కథ ఉంది. మా నాన్న డ్రైవర్. నల్గొండ జిల్లా నుంచి వచ్చి, మొదట లారీ క్లీనర్‌గా, తర్వాత లారీ డ్రైవర్‌గా, చివరికి జూబ్లీహిల్స్‌లో సినిమాలు తీసే ఒక పెద్దమనిషి ఇంట్లో కారు డ్రైవర్‌గా కుదిరాడు. ఈ సిటీని షోరూమ్ నుంచి మొదట బయటికి తెచ్చింది నాన్నే. అప్పటికి నాకు ఐదేళ్లు. పన్నెండేళ్లు నాన్న దాన్ని నడిపాడు, తుడిచాడు, దానికి దండ వేశాడు. కానీ అది మాది కాదు. 2014లో ఆ సారు కొత్త కారు కొనుక్కుని, దీన్ని తక్కువ ధరకు నాన్నకే ఇచ్చేశాడు. ఆ రాత్రి మా గల్లీలోకి అది ఎక్కి వచ్చినప్పుడు అమ్మ హారతి పట్టింది. నాన్న మాత్రం డ్రైవర్ సీట్లోంచి దిగి, అలవాటు కొద్దీ వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. లోపల ఎవరూ లేరని గుర్తొచ్చి తనలో తనే నవ్వుకున్నాడు.

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నా క్లాసులో అరవై మంది ఉంటే నలభై మందిదీ ఇదే కథ. నాలుగేళ్లు ఆటో సైకిల్ బొమ్మలు గీశాను, కంప్రెషన్ నిష్పత్తికి సూత్రాలు రాశాను. ప్లగ్గు విప్పడం రాదు. నాన్న చదివింది ఏడో తరగతి. ఇంజన్ చప్పుడు విని ‘మూడో సిలిండర్ కొడతలేదు’ అంటాడు. ఈ తేడా నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది.

పానా చేత పట్టడానికి అసలు కారణం మాత్రం కోపం. 2021లో, ఇంటి నుంచే పని నడుస్తున్న రోజుల్లో, ఒక పెద్ద వర్క్‌షాప్‌లో సర్వీసుకిచ్చాను. ఇచ్చే ముందు ఎందుకో అనుమానం వచ్చి, చెల్లి గోళ్ల రంగుతో ఆయిల్ ఫిల్టర్ మీద చిన్న చుక్క పెట్టాను. బిల్లులో కొత్త ఫిల్టర్ ధర ఉంది, వేసిన కూలీ ఉంది. ఇంటికొచ్చి వంగి చూస్తే ఎర్ర చుక్క అలాగే నవ్వుతోంది. పోయి అడిగితే, పొరపాటు జరిగింది సార్ అన్నారు, డబ్బు వెనక్కిచ్చారు. డబ్బు వచ్చింది కానీ నమ్మకం రాలేదు. ఇంకెన్ని చుక్కలు నేను పెట్టని చోట్ల ఉన్నాయో ఎవరికి తెలుసు?

అలా మొదలైంది. మొదటి పని అందరిలాగే ఇంజన్ ఆయిల్. చాంబర్ కింద బోల్టు విప్పి, నల్లటి పాత ఆయిల్ కార్చి, ఫిల్టర్ మార్చి, మూడున్నర లీటర్ల లోపు కొత్తది పోస్తే అయిపోయింది. గంట పని. కానీ ఆ గంటలో ఎంత గర్వం! ఆ గర్వంతోనే బోల్టును ‘ఎందుకైనా మంచిది’ అని ఇంకో చుట్టు బిగించాను. రెండోసారి విప్పినప్పుడు అది మరతో సహా బయటికొచ్చింది. మా గల్లీ చివర చిన్న షెడ్డున్న మెకానిక్ భాయ్ దగ్గరికి తలదించుకుని వెళ్లాను. ఆయన కొత్త మర కోసి, పెద్ద సైజు బోల్టు వేసి, ఒకటే మాట అన్నాడు: ‘ముందు చేత్తో తిప్పు. చేయి ఆగినంకనే పానా. పానాకు బలముంటది, తెలివుండది.’ తర్వాత టార్క్ రెంచ్ కొన్నాను. ఆ బోల్టుకు కావలసింది నలభై చిల్లర న్యూటన్ మీటర్లు. చక్రాల నట్లకు 108. మనం చేసే పనికి ఒక అంకె ఉంటుందని, ఆ అంకె దగ్గర ఆగాలని నేర్పిన మొదటి పనిముట్టు అది.

పాత ఆయిల్‌ను మాత్రం మోరీలో పోయకండి. అది ప్రమాదకర వ్యర్థం కిందికి వస్తుంది. నేను డబ్బాలో పట్టి భాయ్‌కి ఇస్తాను. ఆయన దగ్గరికి పీపాలతో వచ్చి కొనుక్కుని పోతారు.

విడిభాగాల కోసం రాణిగంజ్ తిరగడం ఇంకో చదువు. మొదటిసారి ఫోన్‌లో పార్ట్ నంబర్ రాసుకుని వెళ్లాను. దుకాణం ఆయన దాని వంక చూడను కూడా లేదు. ‘పాత పీస్ తెచ్చినవా?’ అన్నాడు. లేదు. ‘పోయి తేపో.’ అంతే. ఇరవై ఏళ్లు దాటిన బండికి కంపెనీ భాగాలు కొన్ని దొరుకుతాయి, కొన్ని దొరకవు, కొన్ని దొరికినట్టే ఉంటాయి. అచ్చం అసలు డబ్బాలాగే ఉన్న డబ్బాలో నకిలీ వస్తుంది. అంచుల్లో అచ్చు ఎంత శుభ్రంగా ఉందో, రబ్బరు వాసన ఎలా ఉందో చూడ్డం నేర్చుకున్నాను. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత పానాలు బేరమాడి కొన్నాను. ఒక మంచి పాత పానా కొత్త చవక పానాల కంటే నయం. నట్టు తల కొరికేయదు.

మెల్లగా పనులు పెరిగాయి. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, కూలెంట్, బెల్టులు. ఒక చలికాలపు ఆదివారం పొద్దున నాన్న పక్కన కూర్చుని టాపెట్ సెట్టింగ్ చేశాం. వాల్వుకూ దాన్ని నొక్కే చేతికీ మధ్య ఉండాల్సిన సందు దాదాపు 0.2 మిల్లీమీటర్లు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. సన్నని ఇనుప రేకును ఆ సందులో జరిపితే బిగుతుగా, కానీ ఆగకుండా రావాలి. నేను అంకె చూస్తున్నాను, నాన్న కళ్లు మూసుకుని వేళ్లతో చూస్తున్నాడు. ఇద్దరం ఒకే చోట ఆగాం.

ఆ పనిలోనే వీటెక్ అంటే ఏమిటో కళ్లారా చూశాను. మామూలు ఇంజన్‌లో వాల్వులను తెరిచే క్యామ్ ఆకారం ఒకటే. తక్కువ వేగానికి బాగుండే ఆకారం ఎక్కువ వేగానికి ఊపిరాడనివ్వదు, ఎక్కువ వేగానికి బాగుండేది ట్రాఫిక్‌లో దగ్గుతుంది. హోండావాళ్లు రెండు ఆకారాలూ ఒకే కడ్డీ మీద పెట్టారు. ఇంజన్ వేగం పెరగ్గానే ఆయిల్ ఒత్తిడి ఒక చిన్న పిన్నును నెడుతుంది, అది చేతులను కలిపి లాక్ చేస్తుంది, అప్పటి నుంచి పెద్ద ఆకారం పని మొదలుపెడుతుంది. 1989లో జపాన్‌లో ఇంటిగ్రా కారుతో ఇది మొదట అమ్మకానికి వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు మీద మూడో గేరులో కాలు నొక్కి ఉంచితే చప్పుడు మారే క్షణం ఒకటుంటుంది. అప్పటిదాకా గొణిగిన ఇంజన్ గొంతెత్తుతుంది. పాత ఆయిల్‌తో, తక్కువ ఆయిల్‌తో తిరిగితే ఆ పిన్ను కదలదు, ఆ క్షణం రాదు. వేగానికి కావలసింది ముందు శుభ్రత అన్నమాట.

ఇది నాకు అర్థమైందనుకున్నాను. కాలేదు. ఎందుకంటే ఆ వెంటనే నేను చేసిన పని సైలెన్సర్ కొనడం.

ఏడాదిపాటు నా జాబితా ఇలా ఉండేది: పెద్ద చప్పుడు చేసే సైలెన్సర్, గాలి ఎక్కువ పీల్చే ఫిల్టర్, బండిని కిందికి దించే స్ప్రింగులు. రహమత్ నగర్ స్పీడు బ్రేకర్ల మీద కిందికి దించిన బండి ఎలా పోతుందో నేను ఆలోచించనే లేదు. సైలెన్సర్ డబ్బా ఇంటికొచ్చాక నాన్న అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది వెడితె పవర్ పెర్గుతదా, గల్లీల తిట్లు పెర్గుతయా?’ అన్నాడు. తర్వాత నేనే చట్టం చదివాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా రెండూ. అప్‌గ్రేడ్ అనుకుని మనం చేసే వాటిలో సగం ఈ గీతకు అవతలే ఉంటాయి.

చట్టం కంటే ఎక్కువగా నన్ను మార్చింది ఇంకోటి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది, నాన్నను తీసుకుని వెళ్లాను. మనం రోజూ ట్రాఫిక్‌లో తిట్టుకుంటూ పోయే ఆ రోడ్ల మీద కరెంటు కార్లు ఈల వేసినట్టు దూసుకుపోయాయి. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నాన్న రేసంతా కళ్లార్పకుండా చూశాడు. బయటికొచ్చాక అన్నాడు: ‘చప్పుడు లేకుండ గింత స్పీడా! మరి నీ సైలెన్సర్ ఎందుకురా?’ నా దగ్గర జవాబు లేదు. ఆ డబ్బా ఇప్పటికీ అటక మీదే ఉంది. కానీ నాన్న ఆ రోజు ఇంకో మాట కూడా అన్నాడు, నేనే పట్టించుకోలేదు. ‘వాళ్లు మలుపు కాడ ఎట్ల ఆపుతున్నరో చూసినవా?’

ఆ ఏడాది వానాకాలంలో ముందు బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి. కీచుమనే చప్పుడు మొదలైంది. వీడియోలు చూశాను, పది నిమిషాల పనిలా ఉంది. శనివారం మధ్యాహ్నం బండిని చదును మీద పెట్టి, జాకీ ఎత్తి, స్టాండ్లు పెట్టి చక్రాలు విప్పాను. నాన్న ఎప్పటిలాగే గోడ పక్కనున్న నల్ల రాయిని రెండు చేతులతో ఎత్తుకొచ్చి, చదును అయిపోయి దిగుడు మొదలయ్యే చోట, ఎడమ చక్రం దారిలో పెట్టాడు. నేను బండి కింద పని చేసిన ప్రతిసారీ ఆ రాయి అక్కడికి వస్తుంది. నాకు విసుగు. ‘స్టాండ్లున్నాయి నాన్నా, హ్యాండ్ బ్రేకుంది, గేర్లో ఉంది, ఇంకా రాయెందుకు?’ అంటాను. ఆయన వినడు. పోయి అరుగు మీద కూర్చుంటాడు.

పాత ప్యాడ్లు తీశాను. కొత్తవి మందంగా ఉంటాయి కాబట్టి, వాటికి చోటు కోసం బ్రేకు పిస్టన్‌ను వెనక్కి నెట్టాలి. క్లాంపుతో నెట్టాను. పైన డబ్బాలో బ్రేకు ఆయిల్ ఎక్కువై పొంగుతుందేమోనని గుడ్డ పెట్టాను. ఆ ఆయిల్ రంగును తినేస్తుంది కదా. అంత జాగ్రత్త తీసుకున్నాను. రెండు వైపులా అయింది. చక్రాలు బిగించాను, 108 దగ్గర టక్కుమంది. చేతులు తుడుచుకున్నాను. నాకంటే గొప్ప మెకానిక్ జూబ్లీహిల్స్ నియోజకవర్గంలో లేడనిపించింది.

స్టార్ట్ చేసి, ఫస్ట్ గేరు వేసి, హ్యాండ్ బ్రేకు దించాను. ఒక చిన్న రౌండు వేసి కృష్ణకాంత్ పార్కు దాకా పోయి వద్దామని. బండి చదును చివరికి వచ్చింది. కింద పిల్లలు ఆడుతున్నారు. వాళ్లు తప్పుకునేదాకా ఆపుదామని క్లచ్చి తొక్కి, బ్రేకు తొక్కాను.

పెడల్ నేలకు అంటింది.

దాని కింద ఏమీ లేదు. గాలిలో కాలు పెట్టినట్టుంది. మెట్టు ఉందనుకుని చీకట్లో దిగితే లేకపోతే గుండె ఎలా జారుతుందో, అలా. మళ్లీ తొక్కాలని తోచలేదు. హ్యాండ్ బ్రేకు లాగాలని తోచలేదు. కింద, పదిహేను అడుగుల దూరంలో, పసుపు గౌనులో ఒక పాప బంతి తీసుకోవడానికి వంగి ఉంది. నేను ఆ పాపనే చూస్తున్నాను. నా కుడికాలు నేలను తొక్కుతూనే ఉంది.

బండి ఎగిరిపడింది. ఎడమ చక్రం రాయికి తగిలి ఆగింది. ఆ కుదుపుకు చేయి కదిలింది, హ్యాండ్ బ్రేకు లాగాను. పాప తలెత్తి చూసి, బంతి తీసుకుని వెళ్లిపోయింది. ఆ పిల్లకు ఏం జరగలేదు. ఏం జరగబోయిందో కూడా తెలియదు. ఇప్పటికీ కిరాణా కొట్టు దగ్గర కనబడితే, ‘అన్నా, మీ కార్లో ఎక్కించుకుంటవా?’ అని అడుగుతుంది.

నాన్న అరవలేదు. అరుగు మీంచి దిగి వచ్చి, కిటికీ దగ్గర వంగి ఒకటే అడిగాడు.

‘ప్యాడ్లు ఏసినంక పెడల్ కొట్టినవా?’

లేదు. విషయం అంతే. పిస్టన్‌ను వెనక్కి నెట్టినప్పుడు దానికీ ప్యాడ్‌కూ మధ్య ఖాళీ మిగులుతుంది. మొదటి రెండు మూడు తొక్కుళ్లు ఆ ఖాళీని నింపడానికే సరిపోతాయి. డిస్కును పట్టుకోవడం ఆ తర్వాతే. అందుకే ప్యాడ్లు మార్చాక బండి కదలకముందే, పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. వీడియోలో ఆ మాట చివర్లో ఉంది. నేను చివరిదాకా చూడలేదు. నాన్న నన్ను దించి తాను కూర్చుని తొక్కాడు. మొదటిసారి నేలకు, రెండోసారి సగానికి, మూడోసారి రాయిలా గట్టిగా. ‘ఇగ జూడు’ అన్నాడు. పది సెకన్ల పని.

నాలుగు రోజులు బండి ముట్టుకోలేదు. ఆఫీసులో ఒక చిన్న మార్పు బయటికి పోవాలన్నా ఇంకొకరు చదవాలి, పరీక్షించాలి, తేడా వస్తే వెనక్కి తిప్పే దారి సిద్ధంగా ఉండాలి. ఈ నియమాలన్నీ నేనే కొత్తగా చేరిన పిల్లలకు పాఠంలా చెబుతాను. అక్కడ తప్పు జరిగితే ఎవరికో ఒక పేజీ తెరుచుకోదు. ఇక్కడ తప్పు జరిగితే? ఐదో రోజు రాత్రి అన్నాలయ్యాక నాన్న తనంతట తాను మాట్లాడాడు.

లారీ క్లీనర్‌గా ఉన్నప్పుడు ఆయన పని అదేనట. ఘాట్‌లో లారీ ఆగితే డ్రైవర్ చెప్పకముందే దూకి, చక్రం కింద రాయి పెట్టాలి. బ్రేకు బాగుందా లేదా అని అడిగే టైము ఉండదు. ఈ సిటీతో కూడా ఒకసారి జరిగిందట. సారు కుటుంబంతో శ్రీశైలం వెళ్తూ, ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగే మలుపుల్లో పెడల్ మెత్తబడింది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే అందులో నీరు చేరి, వేడికి మరిగి ఆవిరవుతుంది. ఆవిరిని ఎంత నొక్కినా అది నలుగుతుందే తప్ప ఒత్తిడిని చక్రానికి మోయదు. నాన్న గేర్లు ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ పక్కకు తీసి ఆపాడట. ‘టీ తాగుదామా సార్’ అన్నాడట. వెనక కూర్చున్నవాళ్లకు ఎవరికీ తెలియదు. అరగంట చల్లారనిచ్చి బయల్దేరాడు. మర్నాడే బ్రేకు ఆయిల్ మార్పించాడు.

‘నాకెప్పుడూ చెప్పలేదే?’ అన్నాను.

‘ఏం జరగలే గద, ఏం చెప్పాలె?’ అన్నాడు. కాసేపాగి, ‘బిడ్డా, ఉరికిచ్చుడు ఎవనికైనా వస్తది. ఆపుడు వచ్చినోడే డ్రైవర్’ అన్నాడు.

ఆ రాత్రి జాబితా చింపి కొత్తది రాశాను. అదీ అప్‌గ్రేడ్ జాబితానే. మొదటిది, ఇరవై ఏళ్ల బ్రేకు గొట్టాలు. రబ్బరు లోపల్నుంచి ఉబ్బుతుంది, బయటికి కనబడదు. నాలుగూ మార్చాం. రెండోది, బ్రేకు ఆయిల్ మొత్తం తీసి కొత్తది, ఇకపై రెండేళ్లకోసారి. గాలి తీసేటప్పుడు నాన్న పెడల్ తొక్కుతాడు, నేను చక్రం దగ్గర నట్టు విప్పుతాను. ‘తొక్కు’, ‘పట్టుకో’, ‘వదులు’. ఈ మూడు మాటలే ఒక గంట. తండ్రీ కొడుకులం అంతసేపు మాట్లాడుకున్నది అదే మొదటిసారి అని అమ్మ వెక్కిరించింది.

మూడోది టైర్లు. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మావి 2316 అన్నాయి, అంటే 2016లో ఇరవై మూడో వారం. గాడులు బాగానే ఉన్నాయి, రబ్బరు మాత్రం ఎండిన తోలులా ఉంది. మీ బండి టైరు ఈరోజే ఒకసారి చూడండి. నాలుగోది హెడ్‌లైట్ల వైరింగు. ఐదోది పెట్రోలు గొట్టాలు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలో భాగాలు దాన్ని తట్టుకునేలా చేస్తున్నారు. 2002 నాటి రబ్బరుకు ఆ సంగతి తెలియదు. ఇథనాల్‌కు లీటరుకు శక్తి కూడా పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, మైలేజీ కొంత తగ్గినా కంగారుపడలేదు. గొట్టాలు మాత్రం మార్చాం. వేడి ఇంజన్ పక్కన పెట్రోలు చెమ్మ చూస్తూ ఊరుకోలేం కదా.

టైమింగ్ బెల్టు మాత్రం నేను ముట్టుకోలేదు. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగే ప్రమాదం ఉంది. పైగా క్రాంక్ బోల్టు విప్పడానికి మా ఇంటిల్లిపాదీ వేలాడినా కదల్లేదు. భాయ్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చేస్తుంటే పక్కన నిలబడి పనిముట్లు అందించాను. కూలీ ఇస్తే సగమే తీసుకున్నాడు. ‘నువ్వు క్లీనర్ పని చేసినవు కద’ అన్నాడు. నా డిగ్రీ తర్వాత నాకు దొరికిన మంచి బిరుదు అదే. సొంతంగా పని నేర్చుకోవడం అంటే ఏది మనం చెయ్యకూడదో తెలుసుకోవడం కూడా. ఒకప్పుడు నమ్మకం పోయి పానా పట్టినవాణ్ణి, ఎవరిని నమ్మాలో పానాయే నేర్పింది.

ఇదంతా ఎందుకు, కొత్తది కొనుక్కోవచ్చుగా అంటారు స్నేహితులు. పదిహేనేళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ రెన్యువల్ రుసుము ఐదు వేలైంది, ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో పదివేలు చేశారు. మాకు మళ్లీ 2027లో గడువు. లెక్క వేస్తే నష్టమే. కానీ నాన్నకు ఇప్పుడు చూపు తగ్గింది, రాత్రిళ్లు నడపడు. పొద్దున్నే ఎస్పీఆర్ హిల్స్ మీంచి దిగి యూసుఫ్‌గూడ దాకా ఒక రౌండు వేస్తాడు, అంతే. ఆ రౌండుకు ముందు బానెట్ తీసి అన్నీ చూస్తాడు. నేను లేస్తే ఇద్దరం చూస్తాం. 2027లో ఇన్‌స్పెక్టరు ముందు ఆ బండి నిలబడి బ్రేకు వేస్తే ఆగాలి. ఆ ఒక్క పరీక్ష నేను ఫెయిల్ కాదలుచుకోలేదు.

గోడ మీద ఒక కాగితం అంటించాను. పని అయ్యాక, తాళం తిప్పకముందు చూడాల్సినవి పదకొండు వరుసలు. చక్రాల నట్లు, ఆయిల్ మూత, కింద మరిచిపోయిన పానా, ఇలా. మొదటి వరుస మాత్రం నాన్న చేతిరాత, ఏడో తరగతి అక్షరాలు: ‘పెడల్ మూడు సార్లు తొక్కు.’

రాయి గురించి అందులో ఎక్కడా రాయలేదు. రాయక్కర్లేదు. పోయిన ఆదివారం నాన్న గుడికి వెళ్లి ఇంకా రాలేదు, ప్లగ్గులు చూద్దామని నేను బానెట్ ఎత్తబోయాను. ప్లగ్గుల పనికి చక్రంతో సంబంధమే లేదు. అయినా గోడ పక్కకు పోయి, వంగి, ఆ నల్ల రాయిని రెండు చేతులా ఎత్తాను. అనుకున్నదానికంటే చాలా బరువుంది. ఇన్నేళ్లుగా ఆయన దాన్ని ఒక్కడే మోస్తున్నాడు.